థైరాయిడ్ మాత్ర, కాల్షియం మాత్ర ఒకే కవర్లోనా?

ఇప్పుడే ఒక డిశ్చార్జి కాగితం చూశాను, ఒళ్లు మండిపోతోంది. థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేసిన మనిషికి థైరాక్సిన్ 100 ఎదురుగా 1-0-0 (పొద్దున ఒకటి), దాని కిందే కాల్షియం 500కి 1-0-1 (పొద్దున ఒకటి, రాత్రి ఒకటి). మెడికల్ షాపువాళ్లు రెండూ ఒకే కవర్లో వేసి, పైన పెన్నుతో "పొద్దున" అని రాసిచ్చారు. ఇక ఆ తల్లి రోజూ పరగడుపున రెండూ కలిపి మింగుతుంది. కాల్షియం పేగులోనే థైరాక్సిన్‌ని పట్టేసుకుంటుంది, ఒంటికి ఎక్కనివ్వదు. ఆరు వారాలకి టీఎస్‌హెచ్ (ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ తగ్గితే పెరిగేది) పెరిగిందని డోసు పెంచుతారు. తప్పు డోసుది కాదండీ, వేళది!

థైరాక్సిన్ పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, టిఫిన్‌కి అరగంట నుంచి గంట ఆగాలి. కాల్షియానికి కనీసం 4 గంటల ఎడం ఉండాలి. రోజుకి రెండైతే మధ్యాహ్నం భోజనంతో ఒకటి, రాత్రి భోజనంతో ఒకటి. ఐరన్ మాత్రకీ అదే ఎడం. ఈ రెండు ముక్కలు కాగితం మీద రాయడానికి ఎంతసేపు పడుతుంది?

కాల్షియం కార్బొనేట్ రకమైతే తిండితోనే వేసుకోవాలి, కడుపులో యాసిడ్ ఉంటేనే అది బాగా కరుగుతుంది. అదే చీటీలో గ్యాస్‌కని పాంటోప్రజోల్ రాసి ఆ యాసిడ్‌నే తగ్గిస్తారు. అప్పుడు యాసిడ్ అంతగా అక్కర్లేని కాల్షియం సిట్రేట్ రాయొచ్చు కదా! 1250 మి.గ్రా. కార్బొనేట్‌లో అసలు కాల్షియం 500 మి.గ్రా.లే. అలాగని మూడు మాత్రలు ఒక్కసారే మింగితే వంటబట్టేది తక్కువ. విడదీసి వేసుకోవాలి.

అసలు ఈ ఆపరేషన్ తర్వాత రక్తంలో కాల్షియం ఎందుకు పడిపోతుందో ఇంటివాళ్లకి చెప్పే నాథుడే లేడు. థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత పారాథైరాయిడ్ గ్రంథులు ఉంటాయి, మామూలుగా నాలుగు. ఆపరేషన్‌లో వాటికి రక్తం అందకపోయినా, పొరపాటున అవీ బయటికి వచ్చేసినా కాల్షియం జారిపోతుంది. బాగా పడేది రెండు మూడు రోజులకి, చాలామంది ఇంటికి చేరేసరికి. ముందు మూతి చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరి. తర్వాత బీపీ పట్టీ బిగించి కాసేపు ఉంచితే చాలు, మణికట్టు వంగి, వేళ్లు దగ్గరపడి, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుంటుంది. మెడ మీద కొత్త కుట్లు కనిపిస్తుంటే కూడా నరాల బలహీనత అని బి12 ఇంజెక్షన్ పొడిచి పంపేవాళ్లు ఉన్నారు!

ఇంకో కోపం ఎప్పటినుంచో ఉంది. కాల్షియం తక్కువ అనగానే వారానికో 60,000 యూనిట్ల విటమిన్ డి సాచెట్, పైగా రాగిజావ తాగమని సలహా. పారాథైరాయిడ్ హార్మోన్ లేకపోతే కిడ్నీ ఆ విటమిన్‌ని పనిచేసే రూపంలోకి సరిగ్గా మార్చలేదు. ఆ రూపం లేనిదే పేగు కాల్షియాన్ని సరిగ్గా పీల్చుకోలేదు, ఎంత రాగిజావ తాగినా సరే. ఇలాంటివాళ్లకి కావలసింది కాల్సిట్రియాల్, అంటే ఆ పనిచేసే రూపంలోని విటమిన్ డి, 0.25 మైక్రోగ్రాముల క్యాప్సూల్, డాక్టరు చెప్పిన లెక్కన. ఎన్ని మాత్రలు వేసినా కాల్షియం లేవకపోతే మెగ్నీషియం చూడాలి. ఆల్బుమిన్ (రక్తంలో కాల్షియాన్ని మోసే ప్రోటీన్), పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) పరీక్షలు కూడా రాయమని నోరు తెరిచి అడగండి. అలాగని సొంతంగా డోసు పెంచేయకండి, ఎక్కువైతే కిడ్నీలో రాళ్లు.

చేతులు కొంకర్లు పోతున్నా, గొంతు బిగుసుకుని ఊపిరి కష్టమైనా మాత్రలతో కూర్చోవద్దు. ఈసీజీ చూస్తూ కాల్షియం గ్లూకోనేట్‌ని నరంలోకి మెల్లగా ఎక్కించగల ఆసుపత్రికి అప్పటికప్పుడు తీసుకెళ్లండి.