సంబంధం కుదిరింది

మా పై అంతస్తులో ఉండే విశ్రాంత బ్యాంకు మేనేజరు గారు పోయిన మాఘమాసంలో ఒక పగ్ కుక్కపిల్లను కొన్నారు. మర్నాడు పొద్దున్నే దాన్ని చంకనెత్తుకుని, రెండో చేతిలో ఒక కాగితం పట్టుకుని మా ఇంటికి దిగి వచ్చారు. కుక్కను చూపించడానికి అనుకున్నాను. కాదు, కాగితం చూపించడానికి. అందులో ఆ పిల్ల తల్లిదండ్రులు, తాతలు, అమ్మమ్మలు, ముత్తాతలు కొమ్మలు కొమ్మలుగా అచ్చయి ఉన్నారు. కొందరి పేర్ల ముందు ఎర్ర అక్షరాల్లో 'ఛాంపియన్' అని బిరుదు. నాకు తల కొట్టేసినట్టయింది. తద్దినం నాడు పురోహితుడు మూడు తరాల పేర్లు చెప్పమంటే, ఒక పేరు దాటగానే మా అన్నయ్యకు ఫోను చేసే మనిషిని నేను.

అప్పుడు మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉన్నారు. ఆవిడ కాగితం జోలికి పోలేదు. కుక్కపిల్ల గడ్డం కింద చెయ్యి పెట్టి, మొహం వెలుతురు వైపు తిప్పి చూశారు.

"తలుపు సందున పడి నలిగిందా నాయనా, దీని మూతి?"

"లేదు పిన్నిగారూ, అది జాతి లక్షణం."

"మరి ఈ గురక?"

"అదీ జాతి లక్షణమేనండీ."

"కంట్లో ఈ నీరు కారడం?"

"అదీ అంతే."

ఆవిడ నిట్టూర్చారు. "ఇన్నాళ్ళూ తెలుసుకోలేకపోయాను. మా ఆయనది కూడా గొప్ప జాతేనన్నమాట."

ఆ రోజు నుంచి నేను ఈ శాస్త్రం మీద శ్రద్ధ పెట్టాను. చదివిన కొద్దీ జాతి కుక్కల పట్ల గౌరవం పెరిగింది. ఊరకుక్కకు జబ్బు చేస్తే అది ఉత్త జబ్బు. జాతి కుక్కకు చేస్తే అది వారసత్వం, పిత్రార్జితం. పైగా ఏ జబ్బు ఎవరికి రావాలో ముందే పంపకాలు జరిగిపోయి ఉంటాయి కాబట్టి అన్నదమ్ముల తగాదాలకు తావు లేదు.

కుక్కల వర్ణవ్యవస్థను 1873లో పుట్టిన లండన్ కెన్నెల్ క్లబ్బు, అంటే జాతి కుక్కల వంశావళి పుస్తకం రాసే సంఘం, ఏడు వర్గాలుగా స్థిరపరిచింది. వేటాడేవి, కొట్టిన పిట్టను తెచ్చేవి, కలుగులో దూరేవి, మందను కాసేవి, కాపలా మొదలైన బరువు పనులు చేసేవి, ఒళ్ళో కూర్చునేవి, ఇవి కాక ఏ వర్గంలోనూ ఇమడనివాటికి 'ఉపయోగకర' వర్గం ఒకటి. బుల్‌డాగ్ ఈ చివరి దాంట్లో ఉంది. అదే బుల్‌డాగ్ ఓడెక్కి అమెరికా చేరితే అక్కడి క్లబ్బు దాన్ని 'వేటకు చెందని' వర్గంలో వేసింది. ఉద్యోగం చేస్తున్నాడా అని అడిగితే ఒక ఊళ్ళో 'పనికొచ్చే కుర్రాడే' అని, ఇంకో ఊళ్ళో 'బయటికి పోడు లెండి' అని చెప్పడం మనకూ అలవాటే.

ఈ వర్గాలన్నీ ఒకప్పుడు వృత్తులు. వృత్తులు పోయాయి, ఒళ్ళు మాత్రం వృత్తికి తగ్గట్టే మిగిలింది. డాష్‌హండ్‌ను జర్మన్లు బ్యాడ్జర్ అనే అడవి జంతువు కలుగుల్లోకి పంపడానికి పొట్టి కాళ్ళతో, బారెడు నడుముతో తయారు చేశారు. బెజవాడలో బ్యాడ్జర్లు లేవు. అందుకని అది సోఫా మీంచి దూకుతుంది. పొట్టి కాళ్ళనిచ్చిన జన్యు మార్పే వెన్నుపూసల మధ్య డిస్కులను కూడా చిన్న వయసులోనే గట్టిపరుస్తుంది, ఒక దూకుడుకి డిస్కు జారి వెనక కాళ్ళు చచ్చుబడతాయి. జర్మన్ షెపర్డ్‌కు తుంటి కీలు గిన్నెలో కుదరదు. గ్రేట్ డేన్‌కు కడుపు ఉబ్బి మెలి తిరుగుతుంది, గంటల్లో కోత కోయకపోతే దక్కదు. కావలియర్ స్పానియల్‌కు గుండె కవాటం చెడుతుంది, పైగా మెదడుకు పుర్రె సరిపోదు. మన దగ్గర పెద్ద పదవుల్లో ఉన్నవారికి పుర్రెలో ఖాళీ సమస్య కాని ఇరుకు సమస్య ఎన్నడూ వినలేదు. 2023లో నార్వే సుప్రీంకోర్టు ఈ కావలియర్లకు పిల్లలు పెట్టించడం తమ చట్టానికి విరుద్ధమని తేల్చింది. న్యాయస్థానాలు సంప్రదాయాల్లో జోక్యం చేసుకోవడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే.

లాబ్రడార్ సంగతి వేరే చెప్పాలి. 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు లాబ్రడార్లలో దాదాపు నాలుగింట ఒక దానికి ఒక జన్యువులో ముక్క ఊడిపోయి ఉందని కనిపెట్టారు. దాంతో ఎంత తిన్నా 'ఇక చాలు' అనే కబురు మెదడుకు సరిగా అందదు. మూడో వాయి పులిహోర వడ్డిస్తుంటే కూడా విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టని మా బంధువు ఒకాయనను నేను ఇన్నాళ్ళూ అపార్థం చేసుకున్నాను.

బుల్‌డాగ్ తల పెద్దది, ఆడదాని కటి ఇరుకు. ఈ రెండూ అందాల పోటీల్లో మార్కులు తెచ్చిపెట్టినవే. ఫలితంగా బ్రిటన్‌లో లెక్క తీస్తే బుల్‌డాగ్ ఈతల్లో 80 శాతానికి పైగా ఆపరేషన్లే. దీన్ని చూసి మనం చిన్నబుచ్చుకోనక్కరలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లు. దేశంలో మొదటి స్థానం మనదే. బుల్‌డాగ్ సాధించింది వంద సంవత్సరాల కఠోర ఎంపికతో, మనం ఎముకలు మార్చకుండానే ఇంత దూరం వచ్చాం.

ఇప్పుడు పగ్. 2003లో ఒక ఫోను ప్రకటనలో చిన్న పిల్లవాడి వెనకాలే తిరిగి ఈ జాతి మన దేశమంతా ప్రవేశించింది. నెట్‌వర్కు మధ్యలో పోయింది, కుక్క ఉండిపోయింది. కుక్క ఒంటికి చెమట పట్టదు, పాదాల దగ్గర కాస్త తప్ప. నోరు తెరిచి రొప్పి, తడి ముక్కులోంచి గాలి ఆడించి ఒళ్ళు చల్లబరుచుకోవాలి. ఆ ముక్కునే మనుషులు తీసేశారు. ఎముక కురచ చేశారు గాని లోపలి కండ కురచ కాలేదు. అంగిలి వెనక అది సాగి గొంతుకు అడ్డం పడుతుంది. మేనేజరు గారు ముచ్చటపడి అందరికీ వినిపించే గురక ఆ కండది. చైత్రం దాటిన తరువాత బెజవాడ ఎండలో ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో ఊహించవచ్చు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు నేను పైకి వెళ్ళాను. ఆయన చొక్కా లేకుండా నేల మీద కూర్చుని కుక్కకు విసనకర్రతో విసురుతున్నారు. దాని నాలుక ఊదా రంగు తిరుగుతోంది. వాళ్ళావిడ తడి తువ్వాలు పట్టుకుని నిలబడ్డారు. ముప్పై రెండేళ్ళు సర్వీసులో ఎవరికీ విసరని మనిషి ఆయన.

తోక సంగతి మరీ విచిత్రం. కుక్కతోక వంకర అని మనం తిట్టడానికి వాడుకుంటాం. పగ్ ప్రమాణపత్రంలో తోక రెండు చుట్లు తిరిగితే మరీ శ్రేష్ఠమని రాసి ఉంది. ఆ మెలిక తోకలో పూసలు వికృతంగా ఏర్పడితే వచ్చేది. అదే వికృతి కొన్నిటికి వెన్నులోకీ పాకి నడక తప్పుతుంది. తోక వంకర తీయబోయి మన పెద్దలు ఓడిపోయారు, పెంచబోయి వాళ్ళు గెలిచారు.

నెదర్లాండ్స్‌లో మూతి పొడవును పుర్రె పొడవుతో పోల్చి, మరీ కురచైన కుక్కలతో పిల్లలు పెట్టించకూడదని 2019 నుంచి అమలు చేస్తున్నారు. స్కేలుతో కొలిచి మరీ సంబంధాలు నిర్ణయించడం అంటే అదే. మన పెళ్ళిచూపుల్లో కూడా ముక్కు చూస్తారు కాని లోపల గాలి ఆడుతోందా అని ఎవరూ అడగరు.

అసలు ఇదంతా సంబంధాల దగ్గరే వచ్చింది. లండన్ క్లబ్బు తల్లికీ కొడుక్కీ, అన్నకూ చెల్లెలికీ పుట్టిన పిల్లలను పుస్తకంలో ఎక్కించడం మానుకున్నది 2009లో. అంతవరకు అభ్యంతరం లేదు. దానికి ఏడాది ముందు ఇంపీరియల్ కాలేజీ వారు బ్రిటన్ పగ్‌ల వంశావళులు లెక్కగట్టారు. కుక్కలు సుమారు పదివేలు, జన్యువుల్లో ఉన్న తేడా మాత్రం యాభై కుక్కలపాటి. సగోత్రమని పెళ్ళిళ్ళు చెడగొట్టి, మేనమామ కూతురి దగ్గరికి వచ్చేసరికి శాస్త్రాన్ని వీధరుగు మీద కూర్చోబెట్టిన జాతి మనది. మేనరికం వద్దని డాక్టర్లు చెబితే విసుక్కున్న మనమే ఇప్పుడు ఈ కాగితాలను లామినేషన్ చేయించి హాల్లో తగిలిస్తున్నాం.

డాల్మేషియన్ల కులాంతర వివాహం కథ చెప్పకపోతే ఈ చరిత్ర పూర్తి కాదు. ఆ చుక్కల కుక్కల జాతి మొత్తానికి ఒక జన్యులోపం వల్ల మూత్రంలో యూరిక్ ఆమ్లం ఎక్కువ, దాంతో కొన్నిటికి రాళ్ళు కడతాయి. 1973లో అమెరికాలో ఒక జన్యుశాస్త్రవేత్త ఒక డాల్మేషియన్‌ను ఒకే ఒక్కసారి పాయింటర్ జాతి కుక్కతో కలిపాడు. ఆ తరువాత పుట్టినవాటిని తరతరాలుగా డాల్మేషియన్లకే ఇచ్చాడు. రాళ్ళు పోయాయి, చుక్కలు ఉన్నాయి. కుల పెద్దలు మాత్రం ముప్పై ఎనిమిదేళ్ళు తర్జనభర్జన పడి 2011లో కలుపుకొన్నారు. అన్నేళ్ళ తరువాత కూడా వంకపెట్టినవారు లేకపోలేదు. ఆ ముత్తాత పాయింటరట, మూత్రం మంచిదైతే మాత్రం?

పిల్లుల దగ్గర మనిషి ఆలస్యంగా మొదలుపెట్టాడు, అందుకే తొందర ఎక్కువ. పర్షియన్ పిల్లికి మూత్రపిండాల్లో నీటితిత్తులు వస్తాయి, ఆ జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వస్తే చాలు. 1961లో స్కాట్లాండ్‌లో ఒక పొలం దగ్గర చెవులు ముడుచుకున్న పిల్లి ఒకటి కనిపించింది, పేరు సూసీ. దాని సంతానమే స్కాటిష్ ఫోల్డ్. చెవుల్ని మడిచే లోపం చెవుల దగ్గరే ఆగదు, ఒంట్లో ఉన్న మృదులాస్థి అంతటా అదే. కాళ్ళ కీళ్ళు, తోక బిగుసుకుపోతాయి. అది కదలకుండా కూర్చుంటే ఎంత బుద్ధిమంతురాలో అని మనం ఫొటోలు తీస్తాం. పిల్లికి చెలగాటం అన్న సామెతలో పిల్లి ఎటువైపుందో ఒకసారి చూసుకోవాలి.

స్వదేశీ ఉంది కదా అంటారా? 2005లో తపాలా బిళ్ళ మీదికెక్కిన నాలుగు జాతుల్లో రాజపాళయం ఒకటి. తమిళనాడు ఊరే అయినా, మన వైపు నుంచి వలసపోయిన రాజులు నేటికీ ఇంట్లో తెలుగు మాట్లాడుకునే చోటు. కుక్క అచ్చ తెలుపు, గులాబీ ముక్కు. ఆ తెలుపు కోసం ఏరి ఏరి కలపగా కొన్ని పిల్లలు చెవిటివిగా పుడుతున్నాయి. దేశభక్తి గీతం పెట్టినా వినపడదు.

మా గేటు దగ్గర పడుకునే గోధుమరంగు దానికి కాగితం లేదు. తండ్రి ఎవరో తల్లికి కూడా అనుమానమే. మూతి పొడుగు, తోక ఒకే ఒక వంకర. పిడుదులు, గజ్జి, లారీలు దానికి ఉన్న జబ్బులు, ఇవి వంశపారంపర్యం కావని ఎగతాళి చేస్తారు మేనేజరు గారు.

శ్రావణంలో ఆయన మళ్ళీ దిగి వచ్చారు. కుక్కకు ముక్కు రంధ్రాలు కోసి వెడల్పు చేయించారు, గొంతులో కండ కత్తిరించారు. కుట్లు మానాయి. ఈసారి చేతిలో రెండు కాగితాలు ఉన్నాయి. పెళ్ళికూతురు గుంటూరులో ఉందట. రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కనే పరిచి, ఒక పేరు మీద వేలు పెట్టారు.

"చూశారా? మా వాడి తల్లికీ, ఆ పిల్ల తండ్రికీ తండ్రి ఒకరే. అదే ఛాంపియన్!"

నేను నోరు తెరిచేలోగా మా అత్తగారు వేళ్ళు మడిచి లెక్క వేశారు. తల్లికి తోడబుట్టినవాడు, అతని కూతురు.

"మేనమామ కూతురే. వరస కుదిరింది," అన్నారు. "పప్పన్నం ఎప్పుడు పెడుతున్నావు నాయనా?"