స్పానిష్ మొదటి పాఠం గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ స్పానిష్ మొదటి పాఠం గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా ఆనవాయితీ, కానీ నిన్న మధ్యాహ్నం నుంచి ఈ వైపు కుశలం లేదు కాబట్టి మీ ఒక్కరి క్షేమమే కోరుకుంటున్నాను.

వడగళ్ళకి డాలస్‌లో మా ఇంటి పైకప్పు పాడైతే కొత్తది వేయడానికి పనివాళ్ళొచ్చారు. అందులో ఒక పెద్దాయన నిచ్చెన దిగి నీడలో కూర్చుంటే చల్లటి నీళ్ళ సీసా పట్టుకెళ్ళి, మీరు ఫోన్‌లో నూరిపోసినట్టే "బ్వేనాస్ తార్దేస్, కోమో ఎస్తా ఉస్తేద్?", శుభ మధ్యాహ్నం, ఎలా ఉన్నారండీ అన్నాను. పన్నెండు దాటింది కాబట్టి పొద్దుటి దీయాస్ కాదు తార్దేస్, వయసులో పెద్దాయన కాబట్టి నువ్వనే తూ కాదు మీరనే ఉస్తేద్, అన్నీ చూసుకునే అన్నాను. మీ లెక్కలో ఇప్పుడాయన "ముయ్ బియెన్, గ్రాసియాస్, ఇ ఉస్తేద్?" అనాలి కదండీ. ఆయనేమో టోపీ తీసి చెమట తుడుచుకుంటూ "ఆకీ నోమాస్, ఎచాందోలే గానాస్" అని, నా స్పానిష్ మీద నమ్మకం కుదిరినట్టుంది, దాని వెనకే ఓ పేరాగ్రాఫ్ వదిలారు. నేను "మూచో గుస్తో", మిమ్మల్ని కలవడం సంతోషం అనేసి, నీళ్ళిచ్చి, లోపలికొచ్చి తలుపేసుకున్నాను.

ఏదో ఇలా కష్టపడి లాక్కొస్తున్నాం అని ఆయన మొదటన్న మాటకి అర్థమట. మెక్సికో వాళ్ళ నోట్లో నిత్యం నలిగే మాటేనట. పక్కింటావిడ నవ్వి మరీ చెప్పింది.

అసలు ఎలా ఉన్నారని అడిగితే "చాలా బాగున్నాను, ధన్యవాదాలు, మరి మీరు?" అనే మనిషిని మీరెక్కడ పట్టుకొచ్చారండీ? మా ఊళ్ళో అలా అన్నవాడికి ఒంట్లో బాగోలేదేమోనని చూస్తారు. స్పానిష్‌లోనూ అంతే, "ఆయి వామోస్", ఏదో నడుస్తోంది అనేవాళ్ళున్నారు, కొలంబియాలో అయితే ఎదుటివాళ్ళే ముందుగా "కే మాస్?", ఏంటి సంగతులు అంటారు, సాల్వడార్ వాళ్ళు తూ బదులు వోస్ అంటారు, బొగోటాలో సొంత స్నేహితుల్ని కూడా ఉస్తేద్ అంటారు. 20 దేశాలు ఏలే భాష, అందులో మీకు దొరికింది ఎప్పుడూ ముయ్ బియెన్‌గా ఉండే ఇద్దరు మనుషులు!

మిగతావి పెద్ద పట్టించుకోను. పరిచయమైతే "ఎన్‌కంతాదో", కలిసినందుకు సంతోషం అనమని మగ గొంతుతో వల్లె వేయించారు, ఆడవాళ్ళు "ఎన్‌కంతాదా" అనాలని ఎవరు చెప్తారు, మీ తాతా? ప్రశ్నకి ముందు తలకిందుల గుర్తు పెట్టమని వాళ్ళ అకాడమీ 1754లోనే చెప్పిందట, సరే, పెడతాను. మీ వాక్యాల్లో పిల్లవాడు ఎప్పుడూ యాపిల్ తింటున్నాడు, తిననివ్వండి.

కానీ అడగడం నేర్పి, వచ్చిన జవాబు ముందు మనిషిని గుడ్లప్పగించి నిలబెట్టేయడం ఏం మర్యాద? ఇక గారూ, మీరూ నావల్ల కాదు. తూ. నువ్వే. "మాస్ దెస్పాసియో, పోర్ ఫావోర్", కాస్త నెమ్మదిగా చెప్పండి బాబూ అనే మాట మొదటి రోజే నేర్పితే నీ సొమ్మేం పోయేది? మెక్సికోలో మర్యాదగా ఏమన్నారూ అని అడగడానికి "మాందే?" అని ఒక్క ముక్క ఉంది, పలకడానికి సెకను పట్టదు, అది ఏ పాతాళంలో దాచావు? దాని బదులు "మె యామో ఆనా, సోయ్ దె మాద్రిద్", నా పేరు ఆనా, మాది మాద్రిద్ అని పొద్దస్తమానం నాచేత అబద్ధాలాడించావు. నేను ఆనాని కాను, మాద్రిద్ మొహం ఎరగను, స్టవ్ మీద పప్పు మాడుతున్నా సరే ఫోన్‌కి ఆ మాటే ఒప్పజెప్పాను, నువ్వేమో భేష్ అని టింగుమని గంట కొట్టావు!

హలో అనే హోలాలో హెచ్ పలకదని మాత్రం శుభ్రంగా చెప్పావు, కాదనను. ఆ ఒక్కదానికే ఇంకా ఫోన్‌లో ఉంచాను.

ఇట్లు,
సోయ్ దె తెనాలి