వాటాల తగాదా లేని బ్యాండూ ఒక బ్యాండేనా?

కొన్ని నేరాలకు చట్టంలో సెక్షన్లు ఉండవు. అలాంటివాటి మీద వ్యాసాలు రాయడం తప్ప చేయగలిగింది లేదు. అమెరికాలో జార్జియా రాష్ట్రానికి చెందిన ఆర్.ఈ.ఎం. అనే రాక్ బ్యాండు 1980 నుంచి 2011 దాకా, అంటే 31 ఏళ్లు, లోపలివాళ్లు ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కకుండా నడిచింది. నలుగురు మగవాళ్లు, మధ్యలో కోట్ల డాలర్లు, 31 ఏళ్లు. మామూలు లెక్క ప్రకారం ఇందులోంచి కనీసం రెండు సివిల్ సూట్లు, ఒక లీగల్ నోటీసు, కన్నీళ్లు పెట్టుకున్న మూడు టీవీ ఇంటర్వ్యూలు రావాలి. ఒక్కటీ రాలేదు. ఎందుకు రాలేదో సంజాయిషీ చెప్పుకోవాల్సిన బాధ్యత వాళ్ల మీద ఉంది.

ఈ విషయం మీద మాట్లాడే అర్హత నాకు వంశపారంపర్యంగా వచ్చింది. మా బాబాయి, ఆయన ప్రాణస్నేహితుడు కలిసి ఒకప్పుడు టెంట్ హౌస్ పెట్టారు. 14 నెలలు నడిచింది. విడిపోయేటప్పుడు షామియానాలు పంచుకున్నారు, గుండిగలు పంచుకున్నారు, గరిటెలు కూడా లెక్కపెట్టి పంచుకున్నారు. కుర్చీలు 301 తేలాయి. చెరో 150 పోగా మిగిలిన ఒక్క కుర్చీ కోసం ఊరి పెద్దలు మూడుసార్లు కూర్చున్నారు. ఆ కుర్చీలో మాత్రం ఇంతవరకూ ఎవరూ కూర్చోలేదు. పార్టనర్‌షిప్ అంటే ఏమిటో అంత దగ్గరగా చూసిన కుటుంబం మాది. కాబట్టి ఈ నలుగురి కథ వింటే మాకు ఆనందం కలగదు, అనుమానం కలుగుతుంది.

ముందు వీళ్ల ఊరు ఏథెన్స్ సంగతి. ఏథెన్స్ అంటే గ్రీకుల ఏథెన్స్ కాదు. అట్లాంటాకు 70 మైళ్ల దూరంలో, యూనివర్సిటీ ఆఫ్ జార్జియా ఉన్న ఊరు. అట్లాంటా చుట్టూ స్థిరపడ్డ మన తెలుగువాళ్లలో ఆ యూనివర్సిటీలో పిల్లల్ని దింపి, కారు డిక్కీలోంచి పచ్చళ్ల సీసాలు తీసిచ్చి వచ్చినవాళ్లు ఉంటారు. ఆ ఊళ్లోనే ఒకచోట చర్చి లేకుండా చర్చి శిఖరం ఒక్కటే నిలబడి ఉంటుంది. చర్చిని 1990లో కూల్చేశారు. 1980 ఏప్రిల్ 5న ఎవరిదో పుట్టినరోజు పార్టీకి ఈ నలుగురూ మొదటిసారి వాయించింది అందులోనే. అప్పటికి బ్యాండుకు పేరు కూడా కుదరలేదు. ఆ తర్వాత డిక్షనరీ తిప్పుతుంటే ఒక పేజీలో కనబడిందట ఈ మాట. నిద్రలో కలలొచ్చేటప్పుడు కనురెప్పల కింద కళ్లు గబగబా కదిలే దశను డాక్టర్లు అలా అంటారు. ముహూర్తం లేదు, న్యూమరాలజీ లేదు, పేరులో అదనంగా ఒక ‘ఏ’ ఇరికించింది లేదు. ఇంత నిర్లక్ష్యంగా పెట్టిన పేరు 31 ఏళ్లు ఎలా కలిసొచ్చిందో మన జ్యోతిష్కులు ఎవరైనా పరిశీలించాలి.

ఇక అసలు అభియోగం. పాటలు ఎవరు రాశారు అని క్యాసెట్టు మీద చూస్తే ప్రతి పాటకూ నాలుగు పేర్లు: బెర్రీ, బక్, మిల్స్, స్టైప్. ఇంగ్లిషు అక్షరాల వరుసలో. బిల్ బెర్రీ డ్రమ్స్, పీటర్ బక్ గిటార్, మైక్ మిల్స్ బేస్ గిటార్, మైకేల్ స్టైప్ గొంతు. అందరికన్నా ఎక్కువగా కెమెరాకు కనబడే గాయకుడి పేరు చివర. మన దగ్గర పెళ్లి శుభలేఖ మీద ‘బంధుమిత్రుల అభినందనలతో’ అన్న వరుసలో పేరు కిందికి దిగిందని పెళ్లికే రాని మేనమామలు ఉన్నారు. ఇక్కడ ఈయన మూడు దశాబ్దాలు చివర్లో నిలబడి కిక్కురుమనలేదు.

పేర్లే కాదు, డబ్బూ సమానమే. పైగా ఏ నిర్ణయానికైనా నలుగురి ఒప్పుదల కావాలి, ఒక్కడు వద్దంటే ఆ పని ఆగిపోతుంది. ఈ పద్ధతి మీద ఏ అపార్ట్‌మెంట్ సంఘాన్ని నడిపినా లిఫ్టు బాగుచేయించడానికి తొమ్మిదేళ్లు పడుతుంది. వీళ్లు మాత్రం 15 ఆల్బమ్‌లు తీశారు. ‘ఎవ్రీబడీ హర్ట్స్’ అని వీళ్ల పాట ఒకటి లోకమంతా తిరిగింది. అందులో పెద్ద భాగం డ్రమ్మరు బెర్రీ కట్టిందే. విచిత్రం ఏమిటంటే ఆ పాటలో తాళం వేసింది ఆయన కాదు, డ్రమ్ మెషిన్. తన పాటలోంచి తననే తప్పించుకుని, ఆ పైన డబ్బు నాలుగు భాగాలు చేసి ముగ్గురికి పంచిన మనిషిని ఏమనాలి? ఆయనకు మా బాబాయిలాంటి పెద్దదిక్కు లేకపోవడం వల్లే ఇలా జరిగిందని నా అభిప్రాయం.

సాహిత్యం గురించి కూడా చెప్పుకోవాలి. తొలిరోజుల్లో స్టైప్ ఏం పాడుతున్నాడో ఎవరికీ అర్థమయ్యేది కాదు. 1983లో వచ్చిన మొదటి పూర్తి ఆల్బమ్ పేరు ‘మర్మర్’. గొణుగుడు అన్నమాట. సరుకేమిటో డబ్బా మీదే రాసి అమ్మిన నిజాయతీపరులు. అట్ట మీద బొమ్మ కూడా అలాంటిదే. జపాన్ నుంచి వచ్చి అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో చెట్టూ స్తంభమూ పాత ఇల్లూ దేన్నీ వదలకుండా కప్పేసిన కుడ్జు తీగ. మన చెరువులకు గుర్రపుడెక్క ఎలాగో వాళ్ల గట్లకు కుడ్జు అలాగ. గుర్రపుడెక్క ఫొటో అట్టమీద వేసి, లోపల అర్థం కాకుండా గొణిగి, ఆ ఏడు ‘రోలింగ్ స్టోన్’ పత్రిక విమర్శకుల చేత మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ కన్నా మాదే గొప్పది అనిపించుకున్నారు. ప్రపంచం ‘థ్రిల్లర్’ కొనుక్కుంది, అది వేరే విషయం.

మన సినిమా పాటల్లోనూ మాటలు వినబడవు కదా అని ఎవరైనా అనొచ్చు. మనవి వాయిద్యాల మోతలో వినబడవు. వీళ్లవి వినబడతాయి, అర్థం కావు. తేడా గమనించాలి. పాఠకులు వినండి, ఇక్కడ నేను కనిపెట్టిన శాస్త్రీయ సత్యం ఒకటుంది. ఏళ్ల తరబడి వీళ్లు ఆల్బమ్‌లో పాటల సాహిత్యం అచ్చు వేయలేదు. 1988 నాటి ‘గ్రీన్’లో ఒకే ఒక్క పాటకు వేశారు. మొత్తం ఆల్బమ్ సాహిత్యం అచ్చేసింది 1998లో ‘అప్’కు. అమెరికాలో అంతకుముందు ఆల్బమ్‌తోనే తగ్గడం మొదలైన వీళ్ల అమ్మకాలు దీంతో ఇంకా పడిపోయాయి. అర్థమైన రోజునే అభిమాని జారుకున్నాడు. మన సినీకవులు పాటల పుస్తకాలు వేయించుకునే ముందు దీని గురించి ఒక్కసారి ఆలోచించుకోవాలి.

1991లో వచ్చిన ‘లూజింగ్ మై రిలిజియన్’ గురించి చెప్పకపోతే అట్లాంటా నుంచి ఫోన్లు వస్తాయి. పీటర్ బక్ మాండలిన్ కొత్తగా కొనుక్కుని, టీవీ చూస్తూ నేర్చుకుంటుంటే తగిలిన వరస అది. మన ఇళ్లలో టీవీ చూస్తూ చిక్కుడుకాయలు ఒలుస్తారు, ఆయన ప్రపంచప్రసిద్ధ బాణీ ఒలిచాడు. పాటలో పల్లవి అనదగ్గది సరిగ్గా లేదు. అయినా అమెరికా పట్టికలో 4వ స్థానానికి వెళ్లింది. దాని వీడియో తీసినాయన మన దేశస్థుడే, జలంధర్‌లో పుట్టిన తార్సెమ్ సింగ్. అంతకుముందు వీడియోల్లో పెదవులు కదిపి పాడినట్టు నటించడానికి ఒప్పుకోని స్టైప్ ఆయన మాటకు లొంగాడు. ఆ ఏడాది ఎంటీవీ ఉత్తమ వీడియో అవార్డు దానికే. పాట పేరు చూసి మతం పోగొట్టుకోవడం అనుకోకండి. అమెరికా దక్షిణాదిలో ఆ మాటకు ఓపిక నశించడం, తిక్క రేగడం అని అర్థం. మన దగ్గర ఎవరైనా ఆ పేరుతో పాట వదిలి ఉంటే అర్థం చెప్పేలోపే మూడు జిల్లాల్లో దిష్టిబొమ్మలు కాలేవి.

ఆ పాట ఉన్న ‘అవుట్ ఆఫ్ టైమ్’, మరుసటి ఏడు వచ్చిన ‘ఆటోమేటిక్ ఫర్ ది పీపుల్’, ఈ రెండూ ఒక్కోటి కోటికి పైగా అమ్ముడుపోయాయి. రెంటికీ వీళ్లు టూర్ చేయలేదు. అలసిపోయాం, ఇంట్లో ఉంటాం అన్నారు. సక్సెస్ మీట్ లేదు, విజయయాత్ర లేదు, క్రేన్‌తో గజమాల లేదు. రెండో ఆల్బమ్ పేరు ఎక్కడిదో తెలుసా? ఏథెన్స్‌లో వీవర్ డీస్ అనే చిన్న భోజన హోటలు బోర్డు మీది నినాదం. మన మెస్సులో ‘సాంబారు’ అనగానే సర్వరు ‘ఓకే’ అన్నట్టు, అక్కడి యజమాని ‘ఆటోమేటిక్’ అంటాడట. ఆయన్ను అడిగి, ఒప్పించి ఆ మాట పెట్టుకున్నారు. అడగడం ఏమిటి అసలు? తీసేసుకుని తర్వాత టైటిల్ వివాదం నడిపితే ఎంత పబ్లిసిటీ!

చివరికి 1995లో టూరుకు బయల్దేరారు. మార్చి 1న స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో వేదిక మీదే బెర్రీకి మెదడులో రక్తనాళం దెబ్బతిని కుప్పకూలాడు. ఆపరేషన్ జరిగింది, దేవుడి దయవల్ల కోలుకున్నాడు. కొన్ని నెలలకు మిల్స్‌కు పొట్ట ఆపరేషన్. ఆ తర్వాత స్టైప్‌కు హెర్నియా ఆపరేషన్. సమానత్వాన్ని ఎంతదాకా తీసుకెళ్లారో చూడండి. ఒక్క బక్ మాత్రం కోతలో వాటా తీసుకోకుండా తప్పించుకున్నాడు. ఇన్నేళ్లలో అక్కడ జరిగిన అన్యాయం నాకు కనబడినంతలో అదొక్కటే. దాన్ని కూడా మిగతా ముగ్గురూ ఎత్తిచూపలేదు.

1996లో వార్నర్ కంపెనీతో కొత్త ఒప్పందం. విలువ 8 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. సంగీత రంగంలో అప్పటిదాకా అంత పెద్ద ఒప్పందం లేదన్నారు. మర్నాటి నుంచి ఏం జరగాలో మనకు తెలుసు. నలుగురికీ నాలుగు ఆఫీసులు, నలుగురు బావమరుదులు. కానీ మరుసటి ఏడు అక్టోబరులో బెర్రీ లేచి, ఇక చాలు, నేను వెళ్తానన్నాడు. పైగా ఒక షరతు పెట్టాడు. నేను వెళ్తే మీరు బ్యాండు మూసేస్తారనుకుంటే చెప్పండి, వెళ్లను. నడుపుతామని మాటిస్తేనే వెళ్తాను. బయటికి పోయేవాడు పెట్టే షరతా ఇది? మా టెంట్ హౌస్ స్నేహితుడు పోతూ పోతూ సైన్‌బోర్డులో తన పేరున్న సగం కోయించుకుపోయాడు.

వెళ్లి బెర్రీ ఏం చేశాడు? ఏథెన్స్ దగ్గర తన పొలంలో గడ్డి పెంచాడు. పశువుల గడ్డి. డబ్బు కోసం గడ్డి తిన్నవాళ్లను మనం ఎందరినో చూశాం, కొందరికి ఓట్లు కూడా వేశాం. డబ్బు వదిలేసి గడ్డి పెంచినవాణ్ణి మాత్రం ఇక్కడే చూశాను. మన దగ్గరా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మాని పొలం బాట పట్టేవాళ్లు లేకపోలేదు. కాకపోతే వాళ్లు ముందు యూట్యూబ్ ఛానెల్ తెరుస్తారు, తర్వాత భూమి కొంటారు. ఈయన గడ్డి కోస్తూ ఒక్క రీలు పెట్టలేదు.

మిగిలిన ముగ్గురు మాట నిలబెట్టుకున్నారు. మూడు కాళ్ల కుక్క కూడా కుక్కే, నడక మార్చుకోవాలి అంతే, అన్నాడు స్టైప్. డ్రమ్మరు కుర్చీకి శాశ్వత సభ్యుణ్ణి మాత్రం తీసుకోలేదు, జీతానికి వాయించేవాళ్లతో కానిచ్చారు. (మళ్లీ కుర్చీ. ఖాళీ కుర్చీని ఇంత మర్యాదగా చూసుకున్న వాళ్లను చూస్తే మా ఊరి పెద్దలు ఏమంటారో.) తర్వాతి ఆల్బమ్‌లు కొన్ని బాగున్నాయి, కొన్ని బాగాలేవు. 2004 నాటి ‘అరౌండ్ ది సన్’ను విన్నవాళ్లు పెదవి విరిచారు. ఆ తర్వాత బక్కే దాని గురించి, విసుగెత్తిపోయిన మనుషులు వాయించినట్టుంటుంది, అనేశాడు. తన సినిమా బాగాలేదని తనే చెప్పిన హీరోను మీరు చూశారా? ప్రేక్షకుడి స్థాయి పెరగలేదు అనాలి కదా.

2011 సెప్టెంబరు 21న తమ వెబ్‌సైట్‌లో నాలుగు ముక్కలు రాసి దుకాణం కట్టేశారు. గొడవల్లేవు, లాయర్లు బయటికి నెట్టలేదు. పార్టీకి వెళ్లినవాడికి ఎప్పుడు లేవాలో తెలియాలి, అదే నేర్పు, అన్న పెద్దల మాట ఒకటి స్టైప్ గుర్తు చేశాడు. మన బంతి భోజనాల్లో పెరుగన్నం తిన్నాక కూడా ఆకు ముందు కూర్చుని కిళ్లీ కోసం చూసేవాళ్లకు ఇలాంటి మాటలు రుచించవు. వీడ్కోలు టూరైనా చేయలేదు. ఇంగ్లిషు పాట వినే ప్రపంచంలో ఒక్కో బ్యాండు నాలుగేసి సార్లు వీడ్కోలు చెప్పి, నాలుగేసి సార్లు తిరిగొచ్చి, టిక్కెట్టు రేటు పెంచుకుంటుంటే వీళ్లు వచ్చిన లక్ష్మిని కాలితో తన్నారు.

2024 జూన్‌లో పాటల రచయితల హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చినప్పుడు గడ్డి రైతుతో సహా నలుగురూ వేదికెక్కారు. ఆ మాండలిన్ పాట ఒక్కటి వాయించి దిగిపోయారు. మళ్లీ బ్యాండుగా కలవాలంటే ఏం జరగాలి అని అంతకుముందు ఒక టీవీ ఇంటర్వ్యూలో అడిగితే మిల్స్ ఒక్క ముక్కలో, తోకచుక్క రావాలన్నాడు. మన పంచాంగాల ప్రకారం తోకచుక్క అరిష్టం. వాళ్ల అభిమానులు మాత్రం అప్పటి నుంచి ఆశగా ఆకాశం వైపు చూస్తున్నారు.

ఈ కథంతా మొన్న పండక్కి వెళ్లినప్పుడు బాబాయికి చెప్పాను. అరుగు మీద కూర్చుని ఓపికగా విన్నాడు. పాటలకు నాలుగు పేర్లంటే తల ఊపాడు, 8 కోట్ల డాలర్లంటే రూపాయల్లో ఎంత అని అడిగాడు, ఆపరేషన్లంటే అయ్యో అన్నాడు. అంతా అయ్యాక కాసేపు గడ్డం గోక్కుని ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

“అది సరేరా, ఆ గడ్డి అమ్మిన డబ్బులో మిగతా ముగ్గురికీ వాటా ఇచ్చాడా, లేదా?”