‘ఒక్క ఐదు నిమిషాలు’ గారికి బహిరంగ లేఖ

అయ్యా ఐదు నిమిషాలు గారూ,

నమస్కారం. బాగున్నారా? మీకేం లెండి, ఏ కౌంటర్ దగ్గర చూసినా మీరే, ఆస్పత్రిలో మీరే ఆఫీసులో మీరే, సార్ లంచ్‌కి వెళ్లినా సర్వర్ డౌనైనా జనాన్ని కూర్చోబెట్టేది మీరే.

నన్ను గుర్తుపట్టారా? మొన్న అద్దం అవతల నుంచి మీ పేరు వినపడగానే వాచీ చూసుకుని, సరిగ్గా ఐదు నిమిషాలకి లేచొచ్చి "అయిపోయాయండి" అన్నవాణ్ణి. హాలంతా నవ్వింది. నేను జోకెయ్యలేదు, నాకు ఆటిజం, ఐదంటే నాకు ఐదే. కౌంటర్‌లో ఆయన "వెటకారమా?" అన్నారు, కాదండీ లెక్క అన్నా, దాంతో మళ్లీ మీరే వచ్చారు. చివరికి తేలిన మీ అసలు సైజు గంటా నలభై నిమిషాలు.

మీరొక్కరే వస్తే ఎలాగో సర్దుకునేవాణ్ణి, వెనకాల మీ బంధుబలగం కూడా దిగుతుంది కదా. నెత్తిమీద జుయ్యిమనే ట్యూబ్‌లైటు, టింగ్ టాంగ్ అంటూ ఏ నంబర్ పిలిచిందో అర్థమయ్యేలోపే ఇంకో నంబర్ పిలిచే స్పీకరు, పక్కాయన ఫోన్లో వీడియోలు. మిగతా వాళ్లకి ఇదంతా ఎక్కడో వెనకాల వినపడే చప్పుడట, నాకు అన్నీ ఒకే వాల్యూమ్‌లో మొహం మీదకొచ్చి నిలబడతాయి. డాక్టర్లు వాడే డీఎస్ఎం పుస్తకంలో శబ్దాలూ వెలుతురూ అతిగా తగలడం ఆటిజం లక్షణాల్లోకి ఎక్కింది 2013లో, ఐదో ఎడిషన్‌తో (అక్కడా ఐదే చూడండి). ఆ కబురు ట్యూబ్‌లైట్లు బిగించే కాంట్రాక్టర్ దాకా రావాలి కదా, వస్తుంది, ఒక్క ఐదు నిమిషాలు.

కాస్త నిశ్శబ్దంగా ఉండే గది ఏదైనా ఉందా అని అడిగా. "చూస్తే అలా లేరే, సర్టిఫికెట్ ఉందా?" అన్నారు. ఆ వైకల్యం సర్టిఫికెట్ కోసమే కదండీ నేనీ లైన్లో కూర్చుంది! పైగా కళ్లలోకి చూసి మాట్లాడట్లేదు కాబట్టి ఏదో దాస్తున్నానని కూడా తేల్చారు. 2012లో డేమియన్ మిల్టన్ అనే సోషియాలజిస్ట్, ఆయనా ఆటిస్టికే, దీనికి డబుల్ ఎంపథీ ప్రాబ్లమ్ అని పేరు పెట్టాడు, అంటే ఆటిజం ఉన్న మేం ఆటిజం లేనివాళ్లకి అర్థం కాకపోతే అది మా ఒక్కళ్ల లోపం కాదు, మేం వాళ్లకెంత అర్థం కామో వాళ్లూ మాకంతే. ఇది కౌంటర్‌లో చెప్పానా? లేదు, నా వెనక ఇరవై మంది ఉన్నారు.

వికలాంగుల హక్కుల మీద 2006లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం చేసింది, మనిషి అవసరానికి తగ్గట్టు చెయ్యగలిగిన సర్దుబాటు చెయ్యకపోవడం కూడా వివక్షే అని రెండో ఆర్టికల్‌లోనే ఉంది. ఇంత పెద్ద ఒప్పందం చూపించి నేనడిగేది ఏంటంటే ఒక కాగితం. ముందు ఏ గది, తర్వాత ఎవరు, ఏ పేపర్లు కావాలి, ఎంతసేపు పడుతుంది. గంటన్నర అని చెప్పండి, హాయిగా గంటన్నర ఆగుతా, వంతు రాగానే మెసేజ్ పెడితే బయట చెట్టుకింద ఉంటా. గంటన్నర నన్నేం చెయ్యదు సార్, మీరే చంపుతున్నారు. ఆ, ఇంకోటి, "డౌట్లుంటే ఫోన్ చెయ్యండి" అంటారు చూడండి, రాసి అడిగే దారి కూడా ఒకటి పెడితే ఫోన్లో మాట పెగలని మాలాంటి వాళ్లు బతికిపోతాం.

మీ మీద అభిమానం ఉన్నవాళ్లు ఏప్రిల్ 2న ఆటిజం అవగాహన సభ కూడా పెట్టారు, బిల్డింగ్ నిండా నీలం లైట్లు. మైకు కుయ్యిమంది, ముందు వరసలో ఒక పిల్లాడు చెవులు మూసుకున్నాడు, స్టేజీ మీద పెద్దాయన వాణ్ణి చూసి "పాపం" అన్నారు, సౌండ్ మాత్రం తగ్గించలేదు. ఎప్పుడైపోతుందని పక్కాయన్ని అడిగా. ఏమన్నారో మీకు చెప్పక్కర్లేదు.

మంగళవారం పదిన్నరకి మళ్లీ రమ్మన్నారు. చెవుల్లో పెట్టుకోడానికి ప్లగ్గులు తెచ్చుకుని వస్తా. మీరు రాకండి.

ఇట్లు,
టోకెన్ నంబర్ 64

తా.క.: ఈ లేఖ చదవడానికి సుమారు మూడు నిమిషాలు పడుతుంది. ఇది మొదట్లోనే చెప్పాల్సింది, మీ గాలి సోకినట్టుంది.