ఈ-ఫైలుకు ట్యాగు దారం

ప్రభుత్వ శాఖల మధ్య సమన్వయం లేదనీ, కంప్యూటర్లు వచ్చినా పని తీరు మారలేదనీ పెదవి విరిచేవారు ఏనాడూ ఒక మండల కార్యాలయంలో బల్ల ముందు పూటంతా నిలబడి చూసినవారు కారని నా దృఢాభిప్రాయం. నాకు ఆ భాగ్యం పలుమార్లు దక్కింది. కూర్చుని చూసే భాగ్యం మాత్రం, సందర్శకుల కుర్చీల మీద పాడైన మానిటర్లు కొలువై ఉన్నందువల్ల, ఇంకా కలగలేదు.

ముందుగా మన పునాదిని గౌరవించుకోవాలి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో టాటెన్‌హామ్ అనే ఐసీఎస్ దొర ఏర్పరచిన పద్ధతి ప్రకారం తపాలులో వచ్చిన ప్రతి కాగితానికీ ఒక నంబరు పడాలి, అది గుమాస్తా పర్సనల్ రిజిస్టరులోకి ఎక్కాలి, పని ముగిశాక దాని ఆయుర్దాయం తేల్చాలి. శాశ్వతంగా దాచవలసినది ఆర్.డిస్, పదేళ్లు బతకవలసినది డి.డిస్, ఏడాదికే కాలం చెల్లేది ఎల్.డిస్. మనిషి జాతకం నిజమో కాదో గానీ, కాగితం జాతకం మాత్రం తప్పదు. ఇంత పటిష్ఠమైన వ్యవస్థ మీదికి ఫైళ్లను కంప్యూటరులోనే నడిపేందుకు జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం తయారుచేసిన ఈ-ఆఫీస్ వచ్చి పడినప్పుడు మన సిబ్బంది బెదరలేదు. వచ్చిన అతిథిని ఇంటి మనిషిని చేసుకున్నారు.

ఎలాగో కళ్లారా చూశాను. జూనియర్ అసిస్టెంటు కంప్యూటరులో నోటు టైపు చేసి, తెర మీది అక్షరాలు సార్‌కు ఆనవు గనుక ప్రింటు తీసి, చిల్లు పొడిచి, ట్యాగు దారం ఎక్కించి, అట్టలో కట్టి అటెండరు చేతికిచ్చారు. అధికారి అంచున పచ్చ సిరాతో 'మాట్లాడండి' అని రాశారు. ఆ ఇద్దరికీ నడుమ ఉన్నది ఒక ప్లైవుడ్ అడ్డు మాత్రమే. ఒకరు తుమ్మితే ఇంకొకరు 'చిరంజీవ' అనవచ్చు. అయినా ఆ కాగితం స్కానరెక్కి, ఒక పక్కకు ఒరిగిన పీడీఎఫ్‌గా మారి, ఈ-ఫైలులో చేరి, అందులోంచి మళ్లీ ప్రింటుగా వెలువడిన తర్వాత గానీ గుమాస్తాగారు కుర్చీలోంచి లేవలేదు. కాగిత రహిత పాలన అంటే కాగితం తగ్గడమని పామరులు పొరబడతారు. ఒకే కాగితం రెండుసార్లు పుట్టడమని ఆ పూట నాకు బోధపడింది.

ఇక శాఖల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవన్నది మరో అపవాదు. మాట్లాడుకుంటాయి. నడుమ తీగ ఒకటి కావాలి, ఆ తీగ మనమే. కింది అంతస్తులో రెవెన్యూ వారు డిజిటల్ సంతకంతో ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రాన్ని మెట్లెక్కి పై అంతస్తులోని సంక్షేమ శాఖకు మోసుకుపోయాను. అక్కడి ఉద్యోగిని దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, "సంతకం ఏదండీ?" అన్నారు. డిజిటల్ సంతకానికి చేతి సంతకంతో సమాన హోదా ఇస్తూ 2000లోనే సమాచార సాంకేతిక చట్టం వచ్చిందని వినయంగా మనవి చేశాను. "చట్టం ఢిల్లీలో ఉందండీ, ఆడిట్ ఇక్కడికొస్తుంది" అన్నారామె. ఆమెది తప్పనలేను, ఆడిట్ పేరాకు జవాబు రాయవలసినది చట్టం కాదు గదా.

ఈ సందర్భంలో ఎదురుగా ఉన్న జిరాక్సు కొట్టు యజమాని సేవలను ప్రత్యేకంగా ప్రస్తావించాలి. ఏ శాఖకు ఎన్ని ప్రతులు కావాలో, ఏ దరఖాస్తు ఫారం నిన్నటితో చెల్లిపోయిందో సర్క్యులరు కంటే ముందే ఆయనకు తెలుసు. 2001లో ఈ-సేవ, 2011లో మీసేవ వచ్చాయి. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మన మిత్ర పేరిట 161 సేవలను ఏకంగా వాట్సాప్‌లోకే తెచ్చింది. ఫోనులోకి వచ్చిన పత్రాన్ని ప్రింటు తీయించుకోవడానికి జనం ఆయన దగ్గరికే వస్తున్నారు. ఆయనకు సమన్వయాధికారి హోదా ఇచ్చి, వేసవిలో ఒక కూలరు మంజూరు చేయాలని నా విన్నపం.

వర్తమానాల విషయంలోనైతే మనం ప్రపంచానికి పాఠం చెప్పవచ్చు. పైన చెప్పిన గుమాస్తాగారు పదిహేడు వాట్సాప్ గ్రూపుల్లో సభ్యులు. వాటిలో ఒకటి ఎప్పుడో ముగిసిన ఎన్నికలది, రద్దు చేసే అధికారం ఎవరిదో తేలక బతికి ఉంది. రాత్రి పదిన్నరకు 'అత్యవసరం, ఉదయం 9 లోగా' అంటూ ఒక పట్టిక వస్తుంది. అవే అంకెలను మూడు కార్యాలయాలు మూడు వేర్వేరు వరుసల్లో అడుగుతాయి. నలభైమంది 'నోటెడ్ సర్' అని రాసేసరికి ఆ పట్టిక ఎక్కడో పైకి పోయి కనబడదు. ఉదయం 9కి ఒకరు వినయంగా అడుగుతారు: "సర్, ఏ పట్టిక సర్?"

మా ఊరి చెరువు తూము మరమ్మతు అర్జీ కూడా ఇలాంటి గ్రూపులోకే ఎక్కింది. తూము నీటిపారుదల వారిదా, పంచాయతీదా, చెరువు రెవెన్యూది గనుక రెవెన్యూ వారిదా అని నాలుగు నెలలు చర్చ సాగాక, ఒకనాడు పై అధికారి దానికింద పసుపుపచ్చ బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టారు. అది మంజూరు అని ఒకరు, చూశామని మాత్రమే అర్థమని ఒకరు, జేబులో ఫోను నొక్కుకుపోయి ఉంటుందని ఇంకొకరు అభిప్రాయపడ్డారు. ఆ బొటనవేలికి ఏ డిస్ వేయాలో టాటెన్‌హామ్ దొర చెప్పి పోలేదు. చివరకు సూపరింటెండెంటుగారు బాగా ఆలోచించి, స్క్రీన్‌షాట్ తీసి, ప్రింటు వేసి, తపాలులో పెట్టమన్నారు.

ఆ ప్రింటరులో ఉన్నది నల్ల సిరా ఒక్కటే. తపాలు గుమాస్తా ఇన్‌వార్డు ముద్ర ఎత్తి, కాగితాన్ని కాసేపు పరీక్షగా చూసి, ముద్ర పక్కన పెట్టేశారు.

"ఈ వేలిముద్ర ఎవరిదండీ? పక్కన సాక్షి సంతకం లేదే!" అని అర్జీ నా చేతికి తిరిగిచ్చారు.