చీకటి నాదానికి దరఖాస్తు

ఏడో ప్రశ్న: "మీరు కోరుకునే నాదం చీకటిగా ఉండాలా, వెలుతురుగా ఉండాలా?"

మా బావగారు ఈ ప్రశ్న దగ్గర పదకొండు రోజులుగా ఆగిపోయారు. మిగతా ముప్ఫై ప్రశ్నలకూ జవాబులు సిద్ధం. పై పళ్ల వరుస, కింది పెదవి మందం, ఒక్క ఊపిరి ఎన్ని సెకన్లు నిలుస్తుంది, అన్నీ ఆయన బ్యాంకులో ఉన్నప్పుడు రుణ దరఖాస్తులు పరిశీలించినంత శ్రద్ధగా నింపారు. పళ్ల సంగతిలో అనుమానం వచ్చి ఆశీలుమెట్టలో దంతవైద్యుడి దగ్గరకు కూడా వెళ్లివచ్చారు. నొప్పి ఎక్కడని ఆయన అడిగితే, "నొప్పి లేదండి, క్లారినెట్టు ఉంది" అన్నారట.

ఈ దరఖాస్తు వీసాకు కాదు, పింఛనుకు కాదు. సముద్రాలకు అవతల ఎక్కడో ఒక పెద్దమనిషి మన మూతిని బట్టి, పళ్లను బట్టి, అంతరాత్మను బట్టి క్లారినెట్టుకు మౌత్‌పీసు చెక్కి పంపుతాడు. అందుకు దరఖాస్తు. ధర మాత్రం అడగకండి. అక్కయ్యకు చెప్పిన ధర ఒకటి, నాకు చెప్పినది ఇంకొకటి. అసలు ధర ఆయన బ్యాంకు పుస్తకానికే తెలుసు.

ఈ లోకంతో సంబంధం లేని అదృష్టవంతుల కోసం నాలుగు మాటలు. క్లారినెట్టు పైకొసన పక్షి ముక్కులాంటి నల్లటి ముక్క ఒకటి ఉంటుంది. అదే మౌత్‌పీసు. దాని చదునైన వైపున పలచగా చెక్కిన రెల్లు బద్ద, అంటే రీడు, బిగిస్తారు. మొన దగ్గర ఆ రెండింటికీ మధ్య చిన్న సందు. ఊదితే రీడు కొట్టుకుని, ఆ సందు తెరుచుకుంటూ మూసుకుంటూ నాదం పుడుతుంది. పారిస్‌లోని వాన్‌డోరెన్ కంపెనీ అమ్మే బి45 అనే రకంలో ఈ సందు 1.195 మిల్లీమీటర్లు. అదే కంపెనీ 5ఆర్‌వీ లైర్‌లో 1.09. సందు ఎక్కువైతే మెత్తటి రీడు, తక్కువైతే గట్టి రీడు. అంతే శాస్త్రం. ఈ రెండింటికీ తేడా ఒక జిరాక్సు కాగితం మందం. ఆ ఒక్క కాగితం మందం గురించి ప్రపంచంలో ఎన్ని కాగితాలు ఖర్చయ్యాయో లెక్క లేదు.

బావగారు కాలేజీలో ఎన్‌సీసీ బ్యాండులో ఆరు నెలలు క్లారినెట్టు పట్టుకున్నారు. "వాయించారు" అని రాయడానికి నా చెయ్యి రావడం లేదు. పదవీ విరమణ చేసిన మర్నాడే కొత్తది కొన్నారు. రెండేళ్లయింది. సరళీ స్వరాలు దాటి జంట స్వరాల గుమ్మంలో నిలబడ్డారు. దోషం ఎక్కడుందో ఒక క్రమంలో వెతుకుతూ వస్తున్నారు. మొదట రీడుది తప్పన్నారు. ఆ రెల్లు దక్షిణ ఫ్రాన్సులోని వార్ ప్రాంతంలో పెరుగుతుందట. అక్కడి ఎండలో పెరిగింది విశాఖ గాలిని ఎలా తట్టుకుంటుంది? ఇక్కడ ఇనుప గేట్లే పొరలు పొరలుగా రాలిపోతుంటే! ఆ వాదనలో కొంత న్యాయం ఉంది, ఒప్పుకుంటాను. తరువాత రీడును బిగించే పట్టీది తప్పన్నారు. వెండి పూతది, తోలుది, ఇంకేదో గుడ్డది వచ్చాయి. చివరికి మౌత్‌పీసు దొరికిపోయింది. ఆడలేక మద్దెల ఓడు అనేది పాత సామెత. ఇప్పుడు మద్దెల ఎంత ఓడో మిల్లీమీటరులో వందోవంతు దాకా కొలిచి చెప్పవచ్చు.

ఇక ఆ ఏడో ప్రశ్న. నాదం చీకటిగా ఉండటమేమిటి? గంభీరం అన్నాం, శ్రావ్యం అన్నాం, జీర అన్నాం, కంచు కంఠం అన్నాం. కంచు కంఠం అంటే ఈ దేశంలో ఎవరికీ వివరించనక్కర్లేదు. చీకటి నాదం అంటే బావగారు కళ్లు మూసుకుని, చెయ్యి గాలిలో గుండ్రంగా తిప్పి, "ఒక రకమైన... లోతు... నలుపు..." అంటారు. చీకటి అంటే ఏమిటో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రాత్రి ఈ ఊరంతా చూసింది. ఆ రాత్రి విన్న నాదమే కావాలంటే మౌత్‌పీసు అక్కర్లేదు, పైకప్పు రేకు ఒకటి చాలు.

దరఖాస్తు దాకా రావడానికి ముందు ఒక మహాప్రయోగం జరిగింది. అది చరిత్రకు ఎక్కకపోతే అన్యాయం.

ఎం.వి.పి. కాలనీలో వాళ్ల ఫ్లాటు, ఆదివారం ఉదయం. కొన్నవీ అరువు తెచ్చినవీ కలిపి ఏడు మౌత్‌పీసులు. ఏది వాయిస్తున్నదీ శ్రోతలకు తెలియకూడదు కాబట్టి హాలు మధ్య తీగ కట్టి, దాని మీద పూల దుప్పటి వేలాడదీశారు. దుప్పటికి అవతల బావగారు. ఆయన ముందు రెండు ఇడ్లీ పళ్లేలు, ఒక్కో గుంటలో ఒక్కో మౌత్‌పీసు, ఎనిమిదో గుంటలో కార్కుకు పూసే గ్రీజు. (ఆ పళ్లేల్లో అక్కయ్య మళ్లీ ఇడ్లీ పెట్టలేదు.) దుప్పటికి ఇవతల న్యాయనిర్ణేతలు: నేను, అక్కయ్య, అపార్టుమెంటు వాచ్‌మన్, కింది అంతస్తులో ఉండే ఉక్కు ఫ్యాక్టరీ రిటైర్డు ఫిట్టరు గారు. తలా ఒక కాగితం. చీకటికి పది మార్కులు, వెలుతురుకు పది, కేంద్రీకరణకు పది. కేంద్రీకరణ అంటే ఏమిటని వాచ్‌మన్ అడిగాడు. మనసుకు తెలుస్తుందన్నారు బావగారు దుప్పటి వెనక నుంచి.

మాయామాళవగౌళలో సరళీ స్వరాల మొదటి వరుస, ఆరోహణ అవరోహణలతో, ఏడు సార్లు. మొదటిసారి పూర్తి కాగానే వాచ్‌మన్ వినయంగా లేచి, "ఇంకా ఆరు ఉన్నాయా అండీ?" అన్నాడు.

మూడోది అద్భుతం. ఆ మాట నేనే అన్నాను, దాచుకోను. ఆ నిండుదనం, వెనక తంబురా వేసినట్టు ఒక ఆధారం, చివర తారస్థాయిలో ఒక మెరుపు! ఫిట్టరు గారు కూడా తల ఊపారు. చీకటికి తొమ్మిది వేశాను. మార్కులన్నీ కూడి ఫలితం చెప్పాక అక్కయ్య నోరు విప్పింది.

"అది కుక్కరు. మూడో విజిల్. పప్పు ఉడికింది."

వంటింటి తలుపు వేసి మూడోది మళ్లీ వాయించారు. ఈసారి దానికి ఆఖరి స్థానం దక్కింది. మరొకరైతే అక్కడితో దుప్పటి మడిచేవారు. బావగారు మాత్రం పరిశోధకులు కదా, పరిస్థితులు అన్నింటికీ సమానంగా ఉండాలి కాబట్టి మిగతా ఆరింటికీ కుక్కరు పెట్టమన్నారు.

"ఆరు కుక్కర్ల పప్పు ఎవరు తింటారు, మీ మౌత్‌పీసు తింటుందా?" అంది అక్కయ్య.

వాచ్‌మన్ కాగితంలో నాలుగుకూ ఆరుకూ నిండు మార్కులు పడ్డాయి. ఆ రెండింటిలో గొప్పతనం ఏమిటని బావగారు ఆశగా అడిగారు. "అప్పుడు నీళ్ల ట్యాంకరు వస్తే కిందికి వెళ్లానండి" అన్నాడతను. ఆ రోజు నిజం చెప్పింది అతనొక్కడే.

ఫిట్టరు గారు మార్కులు వేయలేదు. జేబులోంచి ఫీలర్ గేజి తీశారు. ఉక్కు రేకులు విసనకర్రలా విచ్చుకునే ఆ పరికరంలో అన్నిటికంటె పలచటి రేకు ఎంచి, ఒక మౌత్‌పీసును అద్దం ముక్క మీద ఆనించి, రేకును సందులోకి జార్చి, కళ్లద్దాలు పైకి నెట్టి చూశారు. "కుడి అంచు ఎడమ దానికంటె లేచి ఉంది. కీచుమనడం అందుకే. ఎమరీ కాగితం ఉందా? పది నిమిషాల పని" అన్నారు. బావగారు ఏడు మౌత్‌పీసులనూ గుండెలకు హత్తుకున్నారు. విదేశాల్లో ఆ పెద్దమనిషి చేసేదీ ఇదే: గీతలున్న గాజు పలక, ఫీలర్ గేజి, గరుకు కాగితం. కాకపోతే ఫిట్టరు గారు మన నాదం రంగు అడగలేదు. అదే ఆయనలోని లోపం.

ఇంతకూ వాయించడం అనే విషయం ఈ శాస్త్రంలో ఎక్కడా రాదు. ఎ.కె.సి. నటరాజన్ గారు ఈ వాద్యంతోనే కర్ణాటక సంగీతం వినిపించి 2008లో సంగీత కళానిధి అందుకున్నారు. బావగారు ఫోనులో ఆయన కచేరీ పెట్టి, బొమ్మను వేళ్లతో పెద్దది చేసి మరీ చూస్తారు. వేళ్లు చూడరు, మూతి దగ్గర ముక్క చూస్తారు.

మొన్న వైశాఖంలో భీమిలి దారిలో ఒక పెళ్లికి వెళ్లాం. పగటి ముహూర్తం. కల్యాణ మండపం గేటు దగ్గర బ్యాండు మేళం, ఆరుగురు. ఎర్ర కోట్లు, భుజాల మీద బంగారు కుచ్చులు, మెడ దాకా బొత్తాలు. వరుడి కారు రావడం గంటన్నర ఆలస్యం. అంతసేపూ నీడ లేదు, కుర్చీ లేదు. క్లారినెట్టు ఆయనకు అరవై ఏళ్లు ఉంటాయి. కారు కనబడగానే ఆనందభైరవి ఎత్తుకున్నాడు. నాకు సంగీతం పెద్దగా తెలియదు. తెలియకపోయినా కాళ్లు ఆగిపోయాయి.

బావగారి కాళ్లూ ఆగాయి, ఇంకో కారణానికి. ఆ మౌత్‌పీసు! ఎండకు ఎండి నలుపు పోయి ఆకుపచ్చ గోధుమ రంగుకు తిరిగింది. రబ్బరులో గంధకం దట్టించి గట్టిపరిచిన ఎబొనైటుకు ఎండ తగిలితే అలాగే అవుతుంది. రీడును బిగించడానికి పట్టీ లేదు, నూలుదారం చుట్టి ఉంది.

"ఆహా! జర్మన్ పద్ధతి!" అన్నారు బావగారు. 1791లో మొజార్ట్ తన క్లారినెట్టు కన్చెర్టో అనే రచన చేసింది ఆంటన్ స్టాడ్లర్ అనే వాద్యకారుడి కోసం, ఆ రోజుల్లో రీడును దారంతోనే కట్టేవారు, లోహపు పట్టీ తరువాతి శతాబ్దంలో వచ్చింది, జర్మనీలో ఇప్పటికీ దారం కట్టేవాళ్లున్నారు, ఆ దారం వల్ల నాదానికి ఒక చీకటి వస్తుంది... క్లారినెట్టు ఆయన చెమట తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"పట్టీ మర విరిగిపోయిందండి. ఈ పెళ్లిళ్లు అయ్యాక కొనుక్కోవాలి" అన్నాడు.

బావగారు జేబులోంచి (అవును, పెళ్లికి కూడా తెచ్చారు) తన 5ఆర్‌వీ లైర్ తీసి, ఒక్కసారి దీంతో వాయించమన్నారు. ఆయన దాన్ని తన మీరట్ క్లారినెట్టుకు తగిలించి, రీడును నాలుకతో తడిపి, అదే ఆనందభైరవి అందుకున్నాడు. నాకు తేడా ఏమీ వినిపించలేదు. అప్పుడూ బాగుంది, ఇప్పుడూ బాగుంది. బావగారి కళ్లు చెమర్చాయి. నా మోచెయ్యి పట్టుకుని, "చూశావుటయ్యా మౌత్‌పీసు మహిమ!" అన్నారు.

లోపల ముహూర్తం దగ్గరపడింది. మంగళసూత్రం చేతికి తీసుకోగానే పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం!" అన్నాడు. గట్టిమేళం వచ్చింది. పెన్‌డ్రైవులోంచి వచ్చింది. స్తంభానికి కట్టిన స్పీకర్లలోంచి, ఎప్పుడో ఎక్కడో ఎవరో వాయించిన సన్నాయి, డోలు. ప్రాణమున్న మేళం యాభై గజాల దూరంలో గేటు బయట ఎండలో నిలబడి ఉంది. ఎందుకయ్యా అంటే వీడియోలో శబ్దం శుభ్రంగా రావాలని ఏర్పాట్లు చూసే కుర్రవాడు చెప్పాడు. శుభ్రం! మంగళవాద్యం లేకపోతే పెళ్లి కాదు, వాయించే మనిషి గేటు దాటితే శుభ్రం కాదు. తాతల నాటి నుంచి మన ప్రతి పెళ్లికీ ఊపిరి ఊదిన మనుషులను ఏ వంకతో దూరంగా నిలబెట్టామో మనకు తెలియదా? అప్పుడు పందిరి అంచున నిలబెట్టడానికి చెప్పిన మాట వేరు, ఇప్పుడు గేటు బయట నిలబెట్టడానికి చెప్పే మాట వేరు. నిలబడే మనిషి అతనే. భోజనాలకు పిలిచేసరికి అన్నం అడుగంటింది, కూరల గిన్నెలు తిరగేశారు. డబ్బు దగ్గర ఊరేగింపు చిన్నది చేశాం కదా అని పెళ్లివారి తరఫు పెద్దమనిషి ఐదు వందలు కోశాడు. ఆలస్యమైంది వాళ్ల కారు! మేకప్పుకూ, గాలిలో ఎగిరే కెమెరాకూ, పళ్లేల మీద చెక్కిన పుచ్చకాయ హంసకూ కోయని చెయ్యి, సిగ్గులేని చెయ్యి, అక్కడ కోసింది. పట్టీకి మర కొనుక్కోవలసిన డబ్బది. నేను అడ్డం వెళ్లి మాట్లాడాను. "మీకెందుకండీ, మా మేళం" అన్నాడు.

రాత్రి రుషికొండ మీదుగా తిరిగి వస్తున్నాం. కారులో బావగారు చాలాసేపు మాట్లాడలేదు. మనసు కదిలిందనుకున్నాను. సాగర్‌నగర్ దాటాక గొంతు సవరించుకున్నారు.

"ఏడో ప్రశ్నకు జవాబు దొరికిందయ్యా. ఆ గేటు దగ్గరి మనిషి నాదంలాంటిది కావాలని రాస్తాను."

"ఆయన పేరేమిటి?"

"అడగలేదు."

"ఫోను నంబరైనా తీసుకున్నారా? మొన్న మీ మనవరాలి ఓణీల పండక్కి మేళం కావాలన్నారు కదా."

"లేదు" అని జేబు తడుముకుని చీటీ తీశారు. "సందు మాత్రం ఫిట్టరు గారి గేజితో కొలిచి రాసుకున్నాను. 1.22."