సెల్లార్‌లో కొలువున్న హీటింగ్ కంట్రోలర్ గారికి, రెండో అంతస్తు నుంచి

అయ్యా,

జర్మనీలో అద్దెకుంటున్న మనిషికి ఇంటి ఓనర్ కన్నా, బాయిలర్‌ని నడిపిస్తూ ఇళ్ళన్నిటికీ వేడి పంచే మీతోనే ఎక్కువ పని పడుతుంది, అందుకే ఈ ఉత్తరం నేరుగా మీకే రాస్తున్నాను. ఓనర్‌కి రాస్తే స్వెటర్ వేసుకోమంటాడు.

మీ జ్ఞానం చూస్తే ముచ్చటేస్తుంది. ఎండ తగలకూడదని ఉత్తరం గోడకి ఒక సెన్సర్ పెట్టించుకున్నారు, అది చూసి బయట సున్నా డిగ్రీలయితే మా గదుల్ని వెచ్చబరిచే రేడియేటర్లకి యాభైకి అటూ ఇటూగా, మైనస్ పది అయితే ఇంకా వేడిగా నీళ్ళు పంపాలని మీ దగ్గర ఒక గీత గీసి ఉంది. దాన్ని హీటింగ్ కర్వ్ అంటారట. గీత బాగానే ఉంది. కానీ ఆ సెన్సర్ సరిగ్గా కింది ఫ్లాట్ వాళ్ళ వంటింటి కిటికీ పైన ఉంది, వాళ్ళు కిటికీ తీసి సూప్ కాచిన ప్రతిసారీ ఆ ఆవిరి తగిలి మీరు వసంతం వచ్చేసిందనుకుంటారు. వాళ్ళ సూప్ ఉడికేకొద్దీ మా రేడియేటర్ చల్లబడుతుంది. రేడియేటర్ వాల్వ్ 3 నుంచి 5కి తిప్పితే ఏమవుతుంది? అసలు పైపులోకే వేడి రాకపోతే 5 అయినా ఒకటే, 50 అయినా ఒకటే!

ఇక వేడినీళ్ళకి ప్రాధాన్యం అనే మీ నియమం. ట్యాంకులో నీళ్ళు చల్లబడ్డాయంటే బాయిలర్ వేడంతా అటు మళ్ళించి, ట్యాంకు కాగేదాకా ఇళ్ళకి వేడి ఆపేస్తారు. మామూలు రోజుల్లో తెలియదు, అరగంటలో గోడలేమీ చల్లబడిపోవు కదా. మరి జనవరిలో భోగినాడు నలుగురం వరసగా తలంట్లు పోసుకుంటే? ఒకళ్ళు బయటికొచ్చేసరికి ఇంకొకళ్ళు లోపలికి, ట్యాంకు కాగేది లేదు, మీరు ఇటు తిరిగేది లేదు. ఆఖరున తడి తలతో బయటికొచ్చినవాడి గతి మీ గీతలో ఎక్కడా లేదు.

రాత్రి పది దాటితే తగ్గింపు, పొద్దున ఆరుకి పెంపు. ఇందులో గ్యాస్ కలిసొస్తుందన్నది నిజమే, కాదనను. కానీ ఇడ్లీ పిండి పులిసేది కూడా ఆ వేళలోనే.

మే నెల సంగతి మరీ ఘోరం. నాలుగు రోజులు ఎండ కాయగానే బయటి వేడి సగటు లెక్కేసి మీరు ఇళ్ళకి వేడి ఆపేసి వేసవి మోడ్‌లోకి వెళ్ళిపోతారు. ఈ దేశంలో మే 11 నుంచి 15 దాకా మంచు మునుల రోజులని, అప్పుడు చలి మళ్ళీ తిరిగొస్తుందని, అవి దాటేదాకా టమాటా నారు కూడా నాటొద్దని ముసలివాళ్ళందరికీ తెలుసు. మీకు తెలియదు. మా ఊళ్ళో అప్పుడే కృత్తిక కార్తె మొదలై అమ్మ ఫోన్లో ఎండలు భరించలేకపోతున్నామంటుంటే, నేను ఇక్కడ రెండు రగ్గులు కప్పుకుని ఊఁ కొడుతుంటాను.

మీకు జాలి లేదని మాత్రం అనను. వేసవంతా ఖాళీగా ఉంటే పంపు పట్టేస్తుందేమోనని రోజుకోసారి కాసేపు తిప్పి వ్యాయామం చేయిస్తారు. పైపులు గడ్డకట్టకుండా వాటికో రక్షణ. వారానికోసారి ట్యాంకు నీళ్ళని 60 దాటించి లెజియోనెల్లా బాక్టీరియాని చంపుతారు, దానికి మాత్రం దణ్ణం పెడతాను, 1976లో ఫిలడెల్ఫియా హోటల్లో ఆ జబ్బు ఎంతమందిని పొట్టన పెట్టుకుందో చదివాను. చివరికి చిమ్నీ పరీక్షించే ఆయన కోసం కూడా ఒక ప్రత్యేకమైన బటన్! ఆయన నొక్కగానే పొగ కొలవడానికి బాయిలర్ పూర్తి బలంతో మండుతుంది, ఆ కాసేపూ మా ఇల్లు స్వర్గంలా ఉంటుంది. ఆయన్ని టీకి కూర్చోబెట్టి ఆలస్యం చేయాలనిపిస్తుంది. పంపుకి, పైపుకి, పొగగొట్టానికి అన్నీ ఉన్నాయి, బిల్లు కట్టేవాడికి మాత్రం అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని. పార్టీ బటన్ ఉందంటారా? ఉంది, రాత్రి తగ్గింపుని కొన్ని గంటలు వాయిదా వేస్తుంది. కానీ మీరున్న గదికి తాళం, ఆ తాళంచెవి ఓనర్ దగ్గర, ఓనర్ వారాంతాల్లో ఊళ్ళో ఉండడు. పార్టీ ఏ రోజున చేసుకోమంటారు?

నేనేమీ ఆ గీతని నిటారుగా లేపేయమనడం లేదు. మీ బాయిలర్ కండెన్సింగ్ రకం, తిరిగొచ్చే నీళ్ళు 55 కన్నా చల్లగా ఉంటేనే పొగలోని ఆవిరి నీరై ఆ వేడి కూడా దక్కుతుంది, ఆ మాత్రం నాకూ తెలుసు. గీత వాలు అలాగే ఉంచి మొత్తాన్ని కాస్త పైకి జరపండి చాలు. అంతకన్నా ముఖ్యంగా, గదిలో పెట్టే సెన్సర్‌కి మీ వెనక రెండు టెర్మినళ్ళు ఖాళీగా ఉన్నాయని మాన్యువల్లో ఉంది. బయట ఎంత చలిగా ఉందో ఇన్నేళ్ళుగా గోడని అడిగారు, ఇకనైనా లోపల ఎలా ఉందో మమ్మల్ని అడగండి. వైరు ఖర్చు నేనే పెట్టుకుంటాను.

ఇట్లు,
రెండో అంతస్తు, ఎడమవైపు ఫ్లాట్